బాల పరిశోధకులు పెద్దయ్యాక

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది చదివే పిల్లల కోసం 1942 నుంచి ఏటా ఒక పరిశోధన పోటీ జరుగుతోంది. దాని పేరు సైన్స్ టాలెంట్ సెర్చ్. విజ్ఞానశాస్త్ర విశేషాలను సామాన్యులకు అందించడానికి 1921లో పుట్టిన సైన్స్ సర్వీస్ అనే సంస్థ దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ సంస్థను సొసైటీ ఫర్ సైన్స్ అంటున్నారు. ఖర్చు భరించే కంపెనీని బట్టి పోటీ పేరు ముందు మాట మారుతూ వచ్చింది. 1998 దాకా వెస్టింగ్‌హౌస్, ఆ తర్వాత ఇంటెల్ ఈ పోటీని పోషించాయి, 2017 నుంచి రీజెనరాన్ పోషిస్తోంది. పేర్లు మారినా పోటీ పద్ధతిలో ముఖ్యమైన సంగతి ఎనభై ఏళ్ళుగా మారలేదు.

పాఠ్యపుస్తకంలో ఉన్న ప్రయోగాన్ని పొరపాటు లేకుండా చేసి చూపితే ఇక్కడ చాలదు. జవాబు ముందుగా ఎవరికీ తెలియని ఒక ప్రశ్నను విద్యార్థి తానే ఎంచుకోవాలి. నెలల తరబడి దానిమీద పనిచేసి, చేసినదంతా నివేదికగా రాయాలి. తొలి దశాబ్దాల్లో దీనికి తోడు కష్టమైన రాతపరీక్ష, ఉపాధ్యాయుల సిఫార్సులు కూడా ఉండేవి. చివరికి 40 మందిని ఎంపిక చేసి వాషింగ్టన్‌కు పిలుస్తారు. అక్కడ న్యాయనిర్ణేతలు ప్రాజెక్టు గురించి అడిగి ఊరుకోరు. ఆ విద్యార్థికి ఏమాత్రం పరిచయం లేని శాస్త్రంలోంచి కూడా ప్రశ్న వేస్తారు. సరైన జవాబు రాకపోయినా ఫర్వాలేదు. తెలియనిది ఎదురైనప్పుడు ఆ బుర్ర ఎటు కదులుతుందో చూడటమే వారికి కావలసింది. రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన గ్లెన్ సీబోర్గ్ ఈ పోటీకి చాలాకాలం అండగా నిలిచాడు. ఆయన పేరిట ఒక ప్రత్యేక పురస్కారం ఉంది. దాన్ని న్యాయనిర్ణేతలు ఇవ్వరు, చివరి వడపోతలో నిలిచిన 40 మంది పిల్లలూ తమలో ఒకరికి తామే ఇచ్చుకుంటారు.

మొదటి ఏడాది అబ్బాయిల్లో ఒకరిని, అమ్మాయిల్లో ఒకరిని విడివిడిగా ప్రథములుగా ప్రకటించారు. అబ్బాయిల్లో గెలిచిన పాల్ టెషన్ తర్వాత సైన్యంలో వైద్యుడయ్యాడు. కొరియా యుద్ధంలో గాయపడిన సైనికులకు మూత్రపిండాలు పనిచేయడం ఆగిపోయి ప్రాణం పోవడం అప్పట్లో మామూలు. యుద్ధరంగానికి దగ్గరలోని ఆసుపత్రికే కృత్రిమ మూత్రపిండ యంత్రాన్ని తీసుకెళ్ళి డయాలసిస్ చేసిన బృందంలో టెషన్ ఒకడు. రోగి పూర్తిగా విషమించే దాకా ఆగకుండా ముందుగానే డయాలసిస్ మొదలుపెట్టాలన్న పద్ధతికి ఆయన అనుభవమే పునాది వేసింది. ఈనాడు మన జిల్లా ఆసుపత్రుల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చి కూర్చునే రోగులకు ఆయన పేరు తెలియదు. అయినా ఆయన పనితో వారికి చుట్టరికం ఉంది.

తర్వాతి సంవత్సరాల్లో చివరి వడపోతకు చేరినవారిలో పలువురు నోబెల్ పురస్కారం దాకా వెళ్ళారు. భౌతికశాస్త్రంలో లియాన్ కూపర్ 1972లో, బెన్ మోటెల్సన్ 1975లో, షెల్డన్ గ్లాషో 1979లో, ఫ్రాంక్ విల్చెక్ 2004లో ఆ పురస్కారం అందుకున్నారు. రసాయనశాస్త్రంలో వాల్టర్ గిల్బర్ట్‌కు 1980లో, రోల్డ్ హాఫ్‌మన్‌కు 1981లో, రోజర్ చెన్‌కు 2008లో, మార్టిన్ కార్ప్లస్‌కు 2013లో వచ్చింది. గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకాన్ని 1966లో పాల్ కోహెన్, 1974లో డేవిడ్ మమ్‌ఫర్డ్ గెలుచుకున్నారు. పేర్లు వరసగా చదివితే ఇదొక కీర్తిపట్టికలా వినిపిస్తుంది. ఒక్కొక్కరి కథలోకి వెళ్తే మాత్రం మరొకటి కనిపిస్తుంది. పదిహేడేళ్ళ వయసులో వీరు చేసిన పనికీ, నలభై యాభై ఏళ్ళ వయసులో లోకం మెచ్చిన పనికీ చాలా సందర్భాల్లో ఏ పోలికా లేదు. వాల్టర్ గిల్బర్ట్ సంగతే తీసుకుంటే, ఆయన కేంబ్రిడ్జిలో అబ్దుస్ సలామ్ దగ్గర సిద్ధాంత భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. నోబెల్ వచ్చింది డీఎన్‌ఏలోని అక్షరాల వరసను చదివే పద్ధతికి.

ఈ దారి మార్పులన్నిటిలోకీ అందమైనది జేన్ రిచర్డ్‌సన్‌ది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది. ప్రపంచమంతా తల పైకెత్తి చూసిన రోజులవి. అమెరికాలో చాలామందికి అది భయం, అవమానం. న్యూజెర్సీ రాష్ట్రంలోని టీనెక్ అనే ఊళ్ళో ఆకాశం చూడటం అలవాటైన ఒక హైస్కూలు అమ్మాయికి మాత్రం అది లెక్కించదగిన వస్తువు. ఏ పరికరమూ లేకుండా, తన కంటితో తాను చూసిన స్థానాల ఆధారంగా జేన్ ఆ ఉపగ్రహం కక్ష్యను గణించింది. 1958 పోటీలో ఆ పనికి మూడో బహుమతి వచ్చింది.

ఇలాంటి అమ్మాయి ఖగోళశాస్త్రవేత్త అవుతుందనే ఎవరైనా అనుకుంటారు. కళాశాలలో ఆమె ఆ దారిలోనే అడుగుపెట్టి తత్త్వశాస్త్రంలోకి మళ్ళింది. హార్వర్డ్‌లో తత్త్వశాస్త్రంలో ఎంఏ చేసి, ఆ చదువు కూడా తనకు సరిపడదని ఆపేసింది. అప్పటికి భర్త డేవిడ్ రిచర్డ్‌సన్ ఒక ప్రోటీన్ నిర్మాణాన్ని ఎక్స్ కిరణాలతో ఛేదించే పనిలో ఉన్నాడు. ఆ ప్రయోగశాలలో సాంకేతిక సహాయకురాలిగా చేరింది. పీహెచ్‌డీ ఎన్నడూ చేయలేదు. అక్కడ ఆమె ముందున్నది వేల పరమాణువుల చిక్కుముడి. ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతోందో కంటికి ఆనని ఆ నిర్మాణాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చూపడం ఎలా అన్నది ఆమె ప్రశ్న. ప్రతి పరమాణువునూ గీయడం మానేసి, ప్రోటీన్ గొలుసు నడక మాత్రమే కనిపించేలా ఆమె చేత్తో బొమ్మలు గీసింది. జడకు కట్టే రిబ్బన్‌ను మెలితిప్పినట్టు సర్పిలాలు, బాణం గుర్తుల్లా చదునైన పట్టీలు, వాటిని కలిపే సన్నని తాళ్ళు. 1981లో అచ్చయిన ఆమె సుదీర్ఘ వ్యాసంతో ఈ బొమ్మలు శాస్త్రలోకానికి అందాయి. ఈ రోజు ఇంటర్మీడియెట్ జీవశాస్త్రం పుస్తకం నుంచి పరిశోధన పత్రికల దాకా ప్రోటీన్ బొమ్మ అంటే ఆ రిబ్బన్ బొమ్మే. చూసిన కొద్ది సమాచారంలోంచి పూర్తి దారిని ఊహించి గీయడం స్పుత్నిక్ విషయంలో ఆమె చేసిన పని. ప్రోటీన్ విషయంలోనూ చేసింది అదే. పోటీకీ తర్వాతి జీవితానికీ మధ్య ఏదైనా కొనసాగింపు ఉందంటే అది విషయంలో లేదు, చూసే తీరులో ఉంది.

మార్టిన్ కార్ప్లస్ కథ మరో రకమైనది. 1930లో వియన్నాలో పుట్టిన ఈ యూదు బాలుడు 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక కుటుంబంతో పారిపోయి అమెరికా చేరాడు. అన్న రాబర్ట్‌కు ఇంట్లో రసాయన ప్రయోగాల పెట్టె కొనిచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ రసాయనాలు ఎందుకని కాబోలు, తమ్ముడికి తండ్రి సూక్ష్మదర్శిని ఇచ్చాడు. మురికినీటి చుక్కలో కదిలే జీవులను చూస్తూ మొదలైన ఆసక్తి పక్షుల వైపు మళ్ళింది. సముద్రం మీద బతికి, తుఫాను వేళల్లో తీరానికి దగ్గరగా వచ్చే ఆక్ జాతి పక్షులను గమనించడానికి శీతకాలపు చలిగాలిలో మసాచుసెట్స్ తీరం వెంట తిరిగేవాడు. అది యుద్ధకాలం. గాలివానలో ఒడ్డున నిలబడి జర్మన్ బైనాక్యులర్స్‌తో సముద్రం వైపు చూస్తున్న కుర్రవాడిని పోలీసులు గూఢచారి అని అనుమానించి పట్టుకున్నారు కూడా.

పోటీలో పాల్గొనడమే అతనికి కష్టమైంది. అన్న రాబర్ట్ అదే బడిలో అపారమైన పేరు తెచ్చుకుని వెళ్ళాడు. తమ్ముడు అంతటివాడు కాలేడని బడి పెద్దలు ముందే తీర్మానించుకున్నారు. అతను ఈ పోటీకి వెళ్ళడం కాలం వృథా చేసుకోవడమేనని ప్రధానోపాధ్యాయుడి అభిప్రాయం. కార్ప్లస్ దరఖాస్తు పత్రాలు తానే తెప్పించుకున్నాడు. ఒక ఉపాధ్యాయుడు సానుభూతితో ముందుకొచ్చి, ప్రధానోపాధ్యాయుడికి చెప్పకుండానే అతనిచేత పరీక్ష రాయించాడు. 1947లో ఆ కుర్రవాడు దేశంలో ప్రథమ స్థానం గెలుచుకున్న ఇద్దరిలో ఒకడయ్యాడు. ప్రాజెక్టు ఆ సముద్రపక్షుల జీవితం మీదే.

కార్ప్లస్‌కు నోబెల్ వచ్చింది పక్షులకు కాదు. పెద్ద అణువుల్లో రసాయన చర్యలు ఎలా జరుగుతాయో కంప్యూటర్‌లో లెక్కకట్టే నమూనాలకు ఆయన, మైకేల్ లెవిట్, ఏరియే వార్షెల్ ముగ్గురూ 2013లో ఆ పురస్కారాన్ని పంచుకున్నారు. చర్య జరిగే చిన్న భాగాన్ని క్వాంటం సూత్రాలతోనూ, చుట్టూ ఉన్న పెద్ద భాగాన్ని న్యూటన్ నాటి యాంత్రిక సూత్రాలతోనూ లెక్కించి రెండింటినీ కలపడం వారి ఉపాయం. ప్రోటీన్ రాయిలా కదలక ఉండే వస్తువు కాదని, క్షణక్షణం ఊగుతూ కదులుతూ పనిచేస్తుందని కార్ప్లస్ బృందం 1977లోనే లెక్కలతో చూపింది. ఆ ఉపాధ్యాయుడు ముందుకు రాకపోయినా ఈ ప్రతిభ ఎలాగో బయటపడేదేనని చెప్పుకోవచ్చు. అలా బయటపడనివారి పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి ఆ ధీమాకు ఆధారం లేదు.

రోల్డ్ హాఫ్‌మన్ కూడా యుద్ధం తరిమిన పిల్లవాడే. అప్పటి పోలండ్‌లో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న జ్లోచుఫ్ పట్టణంలో 1937లో పుట్టాడు. నాజీల ఆక్రమణలో తండ్రి హత్యకు గురయ్యాడు. తల్లీ కొడుకూ ఒక పల్లెటూరి బడి అటక మీద ఏడాదికి పైగా దాక్కుని బతికారు. శరణార్థి శిబిరాలు దాటి 1949లో న్యూయార్క్‌లో దిగేనాటికి ఇంగ్లీషు అతనికి ఆరో భాష. ఆరేళ్ళలో, 1955లో, స్టైవెసంట్ హైస్కూలు నుంచి ఈ పోటీ చివరి వడపోతకు చేరాడు. అణువులు ఏ చర్యలో ఏ వైపు తిరిగి కలుస్తాయో ఎలక్ట్రాన్ల సమరూపత ద్వారా ముందే చెప్పే నియమాలను ఆయన, రాబర్ట్ వుడ్‌వర్డ్ కలిసి 1960లలో రూపొందించారు. కెనిచి ఫుకుయితో కలిసి నోబెల్ అందుకున్న హాఫ్‌మన్ ఆ తర్వాత కవితాసంపుటాలూ నాటకాలూ కూడా రాశాడు.

రోజర్ చెన్ 1968లో ప్రథమ బహుమతి గెలిచాడు. వయసు పదహారు. ఉబ్బసం వల్ల బయట ఆడుకోలేక ఇంటి నేలమాళిగలో రంగురంగుల రసాయనాలతో ప్రయోగాలు చేస్తూ పెరిగిన పిల్లవాడు. గాజు పాత్రలోని ద్రావణంలో లోహ లవణాల పలుకులు వేస్తే రంగుల తీగల్లా పైకి పెరిగే రసాయన తోట అతనికి ఇష్టమైన ఆట. ఒహాయో విశ్వవిద్యాలయంలో వేసవి పరిశోధన శిక్షణకు వెళ్ళి, థయోసయనేట్ అనే పదార్థం లోహాలతో ఎలా బంధం వేసుకుంటుందో పరిశీలించాడు. పోటీకి పంపింది ఆ పనినే. దేశంలో మొదటి బహుమతి తెచ్చిన ఆ పని గొప్పదేమీ కాదని ఆయన పెద్దయ్యాక నిజాయితీగా రాసుకున్నాడు. బహుమతి వచ్చిన ప్రాజెక్టు మంచి శాస్త్రం అయితీరాలని లేదు. పదహారేళ్ళ పిల్లవాడి చేతిలో అది కావలసిన అవసరమూ లేదు.

రంగుల మీద ఇష్టం మాత్రం పోలేదు. ఒక జాతి జెల్లీచేపలో ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ ఉంటుంది. ఒసాము షిమొమురా దాన్ని కనుక్కున్నాడు, మార్టిన్ చాల్ఫీ దాన్ని ఇతర జీవుల్లో వెలిగించి చూపాడు. అది ఎలా వెలుగుతుందో విప్పి చెప్పి, దాన్ని మార్చి ఆకుపచ్చతో ఆగకుండా నీలం, పసుపు వంటి అనేక రంగుల్లో వెలిగేలా చేసినవాడు చెన్. బతికున్న కణంలో ఏ ప్రోటీన్ ఎక్కడికి పోతోందో కళ్ళారా చూసే సాధనం జీవశాస్త్రానికి అలా దొరికింది. 2008 నోబెల్ ముగ్గురికీ కలిపి వచ్చింది. చెన్ 2016లో మరణించాడు.

ఆ వెలుగు ఈ పోటీలోనే మరో తరానికి అందింది. చైనాలో పుట్టి పదకొండేళ్ళ వయసులో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చిన ఫెంగ్ జాంగ్ హైస్కూలు రోజుల్లో బడి అయిపోగానే ఊళ్ళోని జన్యుచికిత్స ప్రయోగశాలకు వెళ్ళేవాడు. అక్కడ మానవ క్యాన్సర్ కణాల్లోకి ఆ ఆకుపచ్చ ప్రోటీన్ జన్యువును చొప్పించడం అతను చేసిన తొలి పనుల్లో ఒకటి. చీకటి గదిలో కణాలు మెరవడం చూసినప్పటి ఉత్సాహం గురించి ఆయన పలుమార్లు చెప్పాడు. 2000 సంవత్సరం పోటీలో జాంగ్‌కు మూడో స్థానం వచ్చింది, ఆ డబ్బు హార్వర్డ్ చదువుకు పనికొచ్చింది. 2013లో క్రిస్పర్ అనే జన్యుసవరణ సాధనం మానవ కణాల్లో పనిచేస్తుందని చూపిన తొలి బృందాల్లో ఆయనది ఒకటి. విషయం చెదరకుండా బడి నుంచి నేటిదాకా ఒకే దారిలో నడిచిన అరుదైన ఉదాహరణ ఇది.

గణితంలో నెగ్గినవారు కూడా గణితంలోనే ఉండిపోలేదు. 1974లో ప్రథముడైన ఎరిక్ లాండర్ ప్రాజెక్టు శుద్ధ సంఖ్యాశాస్త్రంలోది. ఆక్స్‌ఫర్డ్‌లో గణితంలో డాక్టరేట్ చేసి, హార్వర్డ్ వ్యాపార విద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించి, చివరికి జీవశాస్త్రానికి వచ్చాడు. 2001లో మానవ జన్యుపటం ముసాయిదాను ప్రకటించిన చరిత్రాత్మక వ్యాసంలో మొదటి పేరు ఆయనదే. 1980లో మొదటి స్థానం పొందిన లీసా రాండల్ కూడా సంఖ్యల మీదే పనిచేసింది. ఆ తర్వాత విశ్వానికి మనం చూడని అదనపు దిశ ఉండవచ్చన్న సిద్ధాంతాన్ని 1999లో రామన్ సుంద్రంతో కలిసి ప్రతిపాదించింది. ఫీల్డ్స్ పతకం పొందిన మమ్‌ఫర్డ్ బడిలో చేసింది రిలేలతో నడిచే ఒక కంప్యూటర్. గణితంలో శిఖరాలు చూశాక ఆయన కంప్యూటర్ దృష్టి పరిశోధనకు తిరిగి వచ్చాడు. 1965 నాటి రే కర్జ్‌వైల్ సంగీతకారుల బాణీలను పరిశీలించి కొత్త బాణీ కట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాశాడు. 1976లో అచ్చు అక్షరాలను అంధులకు పైకి చదివి వినిపించే యంత్రాన్ని విడుదల చేశాడు.

హాలీవుడ్ నటి నటాలీ పోర్ట్‌మన్ కూడా 1990ల చివర ఈ పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చింది. చక్కెర నుంచి ఎంజైముల సాయంతో హైడ్రోజన్ తీయడం మీద ఆమె పేరు కలిసిన వ్యాసం రసాయన విద్య పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం చదివింది.

1956 పోటీలో చివరి వడపోతకు చేరిన మేరీ డెల్ చిల్టన్ పనికి తెలుగు రైతుతో నేరుగా సంబంధం ఉంది. మట్టిలో ఉండే ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి మొక్క కాండం మీద కణితి పుట్టిస్తుంది. ఆ సూక్ష్మజీవి తన డీఎన్‌ఏలో ఒక ముక్కను మొక్క కణంలోకి చొప్పించడం వల్లే కణితి వస్తుందని చిల్టన్ సహచరులతో కలిసి 1977లో రుజువు చేసింది. అలా జరుగుతుందన్న మాటను మొదట ఆమే నమ్మలేదు, తప్పని తేల్చడానికే ప్రయోగాలకు దిగింది. కణితి పుట్టించే జన్యువులను తీసేసి, మనకు కావలసిన జన్యువును ఆ సూక్ష్మజీవి ద్వారానే మొక్కలోకి పంపవచ్చని 1980ల మొదట్లో ఆమె బృందంతో పాటు మరికొన్ని బృందాలు చూపాయి. జన్యుమార్పిడి పంటలకు అదే ఆరంభం. 2002లో మన దేశంలో అనుమతి పొంది, గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పత్తి సేద్యాన్ని మార్చేసిన బీటీ పత్తి వెనుక ఉన్న మూలవిజ్ఞానం ఇది. ఆ పత్తి తెచ్చిన లాభనష్టాల మీద ఇక్కడ జరిగిన వాదం ఇంకా ముగియలేదు. చిల్టన్‌కు 2013లో ప్రపంచ ఆహార పురస్కారం మరో ఇద్దరితో కలిపి ఇచ్చారు.

ఇన్ని జీవితాలను ఒకచోట పెట్టి చూసినప్పుడు ఒక సందేహం తప్పక వస్తుంది. పోటీ వీరిని శాస్త్రవేత్తలుగా తయారుచేసిందా, లేక ఎలాగూ శాస్త్రవేత్తలు కాబోయేవారిని ముందే గుర్తుపట్టిందా? రెండోదే ఎక్కువ నిజం. వేలమంది ఉత్సాహవంతుల్లోంచి 40 మందిని ఏరితే వారిలో కొందరు గొప్పవారు కావడంలో వింత లేదు. అయితే గుర్తింపు కూడా చిన్నదేమీ కాదు. కార్ప్లస్‌కు తన బడి ఇవ్వని ధైర్యాన్ని అది ఇచ్చింది. కొత్తగా దేశానికి వచ్చిన హాఫ్‌మన్ వంటి పిల్లలకు ఇంటిపేరు, పలుకుబడి అడగకుండా తలుపు తెరిచింది.

ఆ తలుపు అందరికీ సమానంగా తెరుచుకోలేదన్నది కూడా చెప్పి తీరాలి. దశాబ్దాల పాటు చివరి వడపోతకు చేరినవారిలో పెద్ద భాగం న్యూయార్క్ ప్రాంతంవారే. కూపర్, గ్లాషో బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్ విద్యార్థులు. హాఫ్‌మన్, లాండర్, రాండల్ స్టైవెసంట్ విద్యార్థులు. రెండూ ప్రవేశపరీక్షతో చేర్చుకునే ప్రభుత్వ బడులు, ఫీజు లేనివి. వలస కుటుంబాల పిల్లలు అక్కడ పోటీపడి చదివేవారు. ప్రాజెక్టు ఎలా ఎంచుకోవాలో, నివేదిక ఎలా రాయాలో నేర్పే ఉపాధ్యాయులు ఆ బడుల్లో ఉండేవారు. అదే తెలివి ఉన్న పిల్లవాడు పల్లెబడిలో ఉంటే అతనికి పోటీ ఉందన్న కబురే అందేది కాదు. ఇటీవలి దశాబ్దాల్లో అసమానత మరో రూపం తీసుకుంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చోటు దొరికిన పిల్లల ప్రాజెక్టులకూ, ఇంటి వసారాలో చేసిన ప్రాజెక్టులకూ మధ్య దూరం పెరిగింది. కంటిచూపుతో స్పుత్నిక్ కక్ష్య లెక్కగట్టిన ప్రాజెక్టు ఈనాటి పోటీలో నిలుస్తుందా అన్నది అనుమానమే. నిలవకపోతే నష్టం పోటీదే.

అమెరికా చూసి ఇతర దేశాలూ ఇలాంటి పోటీలు పెట్టుకున్నాయి. జర్మనీలో 1965లో మొదలైన యూగెండ్ ఫోర్ష్ట్ పోటీలో ఆండ్రియాస్ ఫాన్ బెక్టోల్స్‌హైమ్ 1974లో భౌతికశాస్త్ర బహుమతి గెలిచాడు. అమెరికా వెళ్ళి సన్ మైక్రోసిస్టమ్స్ స్థాపకుల్లో ఒకడయ్యాడు. గూగుల్‌కు మొదటి చెక్కు రాసిచ్చింది కూడా ఆయనే. ఐర్లండ్‌లో టామ్ బర్క్, టోనీ స్కాట్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు అమెరికాలో ఒక సైన్స్ ఫెయిర్ చూసి వచ్చి 1965లో డబ్లిన్‌లో యువశాస్త్రవేత్తల ప్రదర్శన మొదలుపెట్టారు. అందులో 2005లో గెలిచిన పాట్రిక్ కాలిసన్ తర్వాత తమ్ముడితో కలిసి స్ట్రైప్ అనే చెల్లింపుల కంపెనీ స్థాపించాడు.

భారతదేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 1963లో ఢిల్లీలో మొదలుపెట్టి మరుసటి ఏడాది దేశమంతటికీ విస్తరించిన జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రతిభాన్వేషణ పథకం ఈ కోవలోదే. పేరులోనే కాదు, పద్ధతిలోనూ పోలిక ఉంది. తొలినాళ్ళలో రాతపరీక్షతో పాటు విద్యార్థి ఒక ప్రాజెక్టు నివేదిక పంపాలి, మౌఖిక పరీక్షకు హాజరు కావాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు మరొకటి. ఉపకార వేతనం కావాలంటే మౌలిక శాస్త్రాలే చదవాలి. వైద్యమో ఇంజనీరింగో చదివేవారికి అది దక్కదు. కొడుకు డాక్టరో ఇంజనీరో కావాలన్న కోరిక బలంగా ఉన్న మధ్యతరగతి ఇళ్ళలో ఈ షరతు పెద్ద చర్చలే లేపింది.

అటువంటి ఇంట్లోంచి వచ్చినవాడే వెంకి రామకృష్ణన్. తమిళనాడులోని చిదంబరంలో పుట్టి బరోడాలో పెరిగాడు. తండ్రి కోరిక కొడుకు వైద్యం చదవాలని, కొడుకు మనసు భౌతికశాస్త్రం మీద. ప్రతిభాన్వేషణ వేతనం వస్తే భౌతికశాస్త్రం చదవడానికి ఒప్పుకోవాలని ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరింది. వేతనం వచ్చింది. బరోడాలో 1971లో బీఎస్సీ, ఒహాయో విశ్వవిద్యాలయంలో 1976లో భౌతికశాస్త్ర డాక్టరేట్ పూర్తయ్యాయి. హైస్కూలు విద్యార్థిగా రోజర్ చెన్ వేసవి గడిపింది ఈ విశ్వవిద్యాలయంలోనే. ఆ తర్వాత రామకృష్ణన్ మళ్ళీ విద్యార్థిగా కూర్చుని జీవశాస్త్రం నేర్చుకున్నాడు. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాన్ని ఛేదించినందుకు 2009లో థామస్ స్టైట్జ్, అదా యోనత్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ నిర్మాణాన్ని చూపే చిత్రాల్లోనూ ప్రోటీన్లు జేన్ రిచర్డ్‌సన్ నేర్పిన రిబ్బన్ రూపంలోనే కనిపిస్తాయి.

1970ల మధ్యలో ఈ పథకం స్వరూపం మారింది. మౌలిక శాస్త్రాలే చదవాలన్న షరతు పోయింది, ఇతర కోర్సులకూ వేతనం వర్తించింది, ప్రాజెక్టు నివేదిక తప్పుకుంది. పేరులోంచి విజ్ఞానశాస్త్రం అన్న మాట కూడా పోయి, అది ఎన్‌టీఎస్‌ఈగా తెలుగు విద్యార్థులకు పరిచయమైంది. ఎక్కువమందికి అందుబాటులోకి వచ్చిన మాట నిజం. కానీ పిల్లలు ప్రశ్న వేసుకుని వెతకడాన్ని పరీక్షించే పోటీ కాస్తా, ఇచ్చిన ప్రశ్నలకు జవాబులు గుర్తించే పరీక్షగా మారింది. కోచింగ్ కేంద్రాలు దాన్ని సులువుగా పట్టుకున్నాయి. 2021 తర్వాత ఆ పరీక్ష కూడా నిలిచిపోయింది.

పరిశోధన పోటీ అన్న పాత ఆలోచన ఇప్పుడు మరో రెండు కార్యక్రమాల్లో కనిపిస్తుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో నడిచే ఇన్‌స్పైర్ మనక్ తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో బాగా తెలిసిన పేరు. విద్యార్థి ఒక ఆలోచన పంపుతాడు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు నేరుగా అతని బ్యాంకు ఖాతాలో పడతాయి. గైడ్ టీచరు సాయంతో చేసిన నమూనా జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలకు వెళ్తుంది. ఇక్కడ పెద్దపీట ఉపయోగపడే పరికరానికే.

1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ దృష్టి వేరు. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు తమ ఊరి సమస్యనొకదాన్ని తీసుకుని దాని లోతు చూడాలి. ఊరి బోరుబావుల్లో ఫ్లోరైడ్ ఎంత ఉందో, ఏ వాడలో పిల్లల పళ్ళు గారపడుతున్నాయో, చెరువు కింద ఏ పంట ఎందుకు మారిందో వారే తిరిగి, కొలిచి, లెక్కవేసి చెప్పాలి. ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. నివేదిక మాతృభాషలో రాయవచ్చు. ప్రదర్శనకు వచ్చేటప్పుడు ఏ రోజు ఏం చూశారో, ఏం కొలిచారో రాసుకున్న లాగ్‌బుక్ కూడా వెంట తెచ్చి న్యాయనిర్ణేతలకు చూపాలి.